శనివారం బెల్లం

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు, క్లాసులో రోజూ నా పక్కన కూర్చునే స్నేహితురాలికీ చెప్పలేదు. తాండూరులో బండలు పాలిష్ పట్టే ఒక షెడ్డు ముందు నిలబడి, చేతిలో బెల్లం పొట్లంతో ఒక పెద్దామె, "ఈ పిల్లలు వచ్చేదాకా మాకు గింత బెల్లం ముక్క ఇచ్చినోడు లేడు" అనే వీడియో ఒకటి ఉంది. మా వైపు చాలామంది చూశారు. చూసి కొందరు కళ్ళు తుడుచుకున్నారు, కొందరు తిట్టారు. ఆ మాట ఆమెది కాదు, నాది. రైలు ధారూర్ స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు నా డైరీ చివరి పేజీలో రాశాను. అందులో 'గింత' అన్న ఒక్క ముక్కే ఆమె కలిపింది.

ఆ మాట నిజం కూడా కాదు. నిజం కాదని రాసేటప్పుడు నాకు తెలియదు. తెలియక రాసింది అబద్ధమవుతుందా, వట్టి పొరపాటవుతుందా అని డైరీలో చాలాసార్లు రాసుకున్నాను. ఒకసారి ఒకలా తేలుతుంది, మరుసటి రోజు చదివితే ఇంకోలా ఉంటుంది.

మాది వికారాబాద్. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. నేను క్లాసులో మాట్లాడే పిల్లను కాను. హాజరు పిలిస్తే నా గొంతు లెక్చరర్ దాకా చేరక, క్లాసులో ఉండి కూడా గైర్హాజరు వేయించుకున్న రోజులున్నాయి. లైబ్రరీలో నవల తీసుకుంటే దాని మీద ఎకనామిక్స్ పుస్తకం పెట్టుకుని బయటికి వచ్చేదాన్ని. నవల చదవడం తప్పేమీ కాదు. అయినా నేనేం చదువుతున్నానో ఎవరైనా చూస్తే, చెప్పాపెట్టకుండా మా ఇంట్లోకి వచ్చి నిలబడినట్టు ఉండేది.

నా స్నేహితురాలు తాండూరు పిల్ల. రోజూ రైల్లో వచ్చిపోయేది. నాకు లేని నోరంతా ఆమెకు ఉంది. ఒకసారి వాళ్ళ తమ్ముడి పుట్టినరోజుకు నాలుగు ముక్కలు రాసిమ్మంటే రాసిచ్చాను. అది తీసుకెళ్ళి ఫైనలియర్ సీనియర్ ఒకతనికి చూపించింది. అందరూ అన్నా అనే పిలిచేవాళ్ళు గనుక నేనూ అన్న అనే రాస్తాను. ఆయన ఒక సినిమా హీరో అభిమానుల గుంపుకు పెద్ద. వాళ్ళకొక పేజీ ఉండేది. వాళ్ళు చేసే పనుల ఫోటోల కింద రాయడానికి మనిషి కావాలన్నాడు. పేరు పెట్టనక్కరలేదన్నాడు. పేరు పెట్టనక్కరలేదు అన్నందుకే నేను ఒప్పుకున్నాను.

అభిమానులంటే థియేటర్లో కాగితాలు చింపి ఎగరేసేవాళ్ళని మాత్రమే అప్పటిదాకా నా లెక్క. అన్న అట్లాంటివాడు కాదు. కాదు, అట్లాంటివాడే, కానీ అంతే కాదు. మొదటిరోజు మొదటి ఆటకు గొంతు పోయేదాకా అరిచేవాడు. అదే మనిషి, ఎవరికో రక్తం కావాలంటే పరీక్ష మధ్యలో లేచి వెళ్ళిపోయాడు, ఆ పేపర్ పోయింది. వాళ్ళది బంట్వారం దగ్గర ఊరు. వాళ్ళమ్మ రెండు బర్రెలను పెట్టుకుని పాలకేంద్రంలో పాలు పోస్తుంది.

ఆ ఏడాది ఆ హీరో సినిమా ఒకటి వచ్చింది. అందులో అతను రాతి గనిలో కూలీ. దెబ్బలాటకు ముందు తలగుడ్డ కొసలోంచి బెల్లం గడ్డ తీసి పళ్ళతో పటుక్కున కొరుకుతాడు. ఆ కొరుకుడుకే ఈలలు. మా కాలేజీ క్యాంటీన్లో మగపిల్లలు సమోసా కూడా అట్లాగే కొరకడం మొదలుపెట్టారు.

హీరో పుట్టినరోజుకు ప్రతి ఏడూ థియేటర్ ముందు కటౌట్‌కు పాలాభిషేకం చేసేవాళ్ళు. ఆ ఏడు అన్న వద్దన్నాడు. మురికికాలవలోకి పోతున్న పాలను చూస్తే మా అమ్మ చేతులు గుర్తొస్తాయి అన్నాడు. కొందరు అలిగారు. పాలు పొయ్యకపోతే పక్క హీరో వాళ్ళ ముందు తల ఎత్తుకోలేమన్నారు. చివరికి అన్నే ఒక దారి చెప్పాడు. సినిమాలో హీరో తిన్న బెల్లం నిజంగా రాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళకు ఇద్దాం, బెల్లం తింటే దుమ్ములో పనిచేసేవాళ్ళకు గొంతు శుభ్రమవుతుంది, తాండూరులో బండల పని చేసేవాళ్ళు ఎంతమంది లేరు. అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. పాలు కాలవలో పోయడం కంటే బెల్లం మనిషి చేతిలో పెట్టడం మంచిది కాదని ఇప్పటికీ అనలేను.

పొట్లాల మీద హీరో బొమ్మ స్టిక్కర్లు అంటించారు. పొద్దున రైలుకు పది మందిమి బయలుదేరాం. ఎండాకాలం. బస్తాలు తలుపు దగ్గర పెడితే ఎండకు బెల్లం మెత్తబడి, కవర్ల లోపల చెమట పట్టినట్టయింది. హీరో ముఖాలు కొన్ని ఊడి బస్తాకు అతుక్కున్నాయి. అన్న ఒక్కొక్కటే గోటితో తీసి మళ్ళీ అంటిస్తున్నాడు. ధారూర్‌లో రైలు ఎందుకో చాలాసేపు ఆగింది. నేను కిటికీ పక్కన డైరీ తెరిచి, వీడియో కింద పెట్టడానికి ఏమైనా వస్తుందేమోనని ప్రయత్నించాను. నాలుగైదు కొట్టేశాక ఆ వాక్యం వచ్చింది. ఒక మనిషి నోట్లోంచి వచ్చినట్టు ఉండాలని మా వైపు మాటలోనే రాశాను. రాసి, పెదవులు కదలకుండా రెండుసార్లు చదువుకున్నాను. బాగుందనిపించింది. నాకు నేను రాసింది బాగుందని అనిపించడం చాలా అరుదు. ఆ పేజీ చింపి మడిచి పిడికిట్లో పెట్టుకున్నాను.

మేం వెళ్ళిన షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. బయట నిలువుగా పేర్చిన బండలు, నేలంతా తెల్లటి బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా. లోపల ఒక పక్క బండల అంచులు కోసే మిషన్, ఇంకో పక్క పాలిష్ పట్టేది. కోసే చోట దుమ్ము పొగలా లేస్తోంది. ఆడవాళ్ళు ఇద్దరిద్దరు ఒక బండను పట్టుకుని తెచ్చి కడిగి నిలబెడుతున్నారు. యజమానిని అక్కడ సేఠు అంటారు, ఆ రోజు ఆయన లేడు. సూపర్‌వైజర్ లారీ డ్రైవర్‌తో కన్నడంలో ఏదో గొడవ పడుతూ, మా వైపు చూడకుండానే, అన్నం వేళకు పావుగంట ముందే మిషన్లు ఆపుతానన్నాడు.

అక్కడ పనిచేసేవాళ్ళలో ఒకామె నా స్నేహితురాలి వీధిలోనే ఉంటుంది. యాభై దాటి ఉంటాయి. నా స్నేహితురాలు పెద్దమ్మా అని పిలిచేది, నేనూ అట్లాగే పిలిచాను. పొట్లం చేతికి రాగానే పెద్దమ్మ స్టిక్కర్ వైపు చూసి, "ఈయనెవరు? బెల్లం సేఠా?" అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. మా గుంపులో ఒకడికి ముఖం మాడింది. ఆయన ఎవరో, ఎన్ని సినిమాలు చేశాడో చెప్పుకొచ్చాడు. ఆమె అంతా విని, "సినిమాల పనా. మంచిదే, నీడపట్టున ఉంటడు" అంది.

వీడియోలో ఒకరు మాట్లాడితే బాగుంటుందని అన్న అన్నాడు. అందరూ కొంగులు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దమ్మ ఒక్కతే నిలబడింది. మొదటిసారి, పిల్లలు మంచోళ్ళు, బెల్లం మంచిగుంది అని ఊరుకుంది. అన్న ఫోన్ దించి నన్ను పిలిచాడు. జర ఆమెకు భయం తియ్యి చెల్లె, మనసుల ఉన్నది చెప్పమను అన్నాడు. అంతే అన్నాడు. ఏం చెప్పించాలో అనలేదు. ఇది నేను స్పష్టంగా రాయాలి, ఎందుకంటే తర్వాత నాకు నేను వేరేలా చెప్పుకోవడానికి చాలా ప్రయత్నించాను.

నేను ఆమె దగ్గరికి వెళ్ళి పిడికిలి తెరిచాను. చదువు రాదంది. అప్పుడు చెవి దగ్గర వంగి, మెల్లగా, ఒక్కో మాటా చెప్పాను. కాగితం పట్టుకున్న నా చెయ్యి వణుకుతోంది. అంతమంది చూస్తున్నారు. ఆమె విని, నా వైపు తిరిగి, "గట్లనే అనాల్నా?" అంది.

"గట్లనే చెప్పమన్నరు పెద్దమ్మా" అన్నాను.

ఎవరూ చెప్పమనలేదు.

ఆమె నా చేతి వైపు చూసింది. తర్వాత ఫోన్ వైపు తిరిగి, బొటనవేలు చూపుడువేలు దగ్గరగా పెట్టి, గింత అని చూపిస్తూ, ఒక్క ఊపున చెప్పేసింది. ఆ వేళ్ళు నేను రాయలేదు. ఆ వేళ్ళతోనే అది నిజమైపోయింది. వెనక ఒకామె ఫక్కున నవ్వింది, ఇంకొకామె గిర్రున తిరిగి షెడ్డులోకి వెళ్ళిపోయింది. సిగ్గనుకున్నాను. వీడియోలో ఆ రెండూ ఇప్పటికీ కనిపిస్తాయి.

దానికి సినిమాలోని పాట వెనక వేసి పెట్టారు. రెండు రోజుల్లో హీరో మనుషులు దాన్ని తమ పేజీలో కూడా పెట్టారు. మా గుంపు టీకొట్టు దగ్గర బండ్లు ఆపి అరిచిన అరుపులు స్టేషన్ దాకా వినిపించి ఉంటాయి. నేను దూరంగా నిలబడి నవ్వుతూ ఉన్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది. దాచి ఏం లాభం. కింద ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ రాస్తున్నారు. ఎకనామిక్స్ పుస్తకం కింద ఫోన్ పెట్టుకుని చూసుకునేదాన్ని.

అమ్మకు పక్కింటివాళ్ళు ఆ వీడియో చూపించారు. అందులో నేను కనిపించను, కాబట్టి నేనూ వెళ్ళానని ఆమెకు తెలియదు. చూసి, ఇచ్చేటప్పుడు ఫోన్ ఎందుకు పెట్టాలె అని మాత్రం అంది. ఆ ఆదివారం చర్చిలో కానుక సంచి మా వరుసలోకి వచ్చింది. గుడ్డ సంచి, లోపల ఏమీ కనబడదు. ఎంత వేసినా పిడికిలి మూసి లోపలికి పెట్టి తీస్తారు. ఏమీ వేయలేనివాళ్ళు కూడా ఖాళీ పిడికిలి పెట్టి తీస్తారు, చిన్నప్పుడు అమ్మ నాకు చెప్పింది. కొన్ని నెలలు మా పిడికిళ్ళు కూడా అట్లాంటివేనట. ఆ రోజు సంచిలో చెయ్యి పెట్టి తీస్తుంటే, పిడికిట్లో చింపిన డైరీ పేజీ ఉన్నట్టే అనిపించింది. కానీ ఆ పేజీ లేకపోతే అంతమంది చూసేవాళ్ళు కాదు కదా అని కూడా అదే నిమిషంలో అనిపించింది. రెండూ ఒకేసారి ఎట్లా అనిపిస్తాయో నాకు అర్థం కాదు.

తర్వాత హైదరాబాద్‌లో ఉండే ఒక అమ్మాయి దాని మీద మాట్లాడింది. ఆమె సినిమాల మీద, అభిమానుల మీద వీడియోలు చేస్తుంది. వెనకాల పుస్తకాల అల్మారా ఉంటుంది. నేను ఆమె వీడియోలు ఒక్కటి వదలకుండా చూసేదాన్ని, ఫోన్ ఆపి అల్మారాలో పుస్తకాల పేర్లు చదవడానికి ప్రయత్నించేదాన్ని. ఆమె మా పొట్లాన్ని తెర మీద పెద్దది చేసి, బెల్లం కంటే బొమ్మ పెద్దగా ఉందంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన రాతి దుమ్ము బెల్లానికి దిగుతుందా అని అడిగింది. ముక్కుకు కట్టుకునే గుడ్డ ఏది, దుమ్ము లేవకుండా చల్లే నీళ్ళేవి, డాక్టర్ ఎవరు అని అడిగింది. మా గుంపుకు బెల్లం బ్యాచ్ అని పేరు పెట్టింది. అన్నీ నిజమే అనిపించాయి. నేను తల ఊపుతూ వింటున్నాను.

ఆ తర్వాత ఆమె పెద్దమ్మ అన్న మాటను మూడుసార్లు వేసింది. మూడోసారి ఆపి, ఇన్నేళ్ళ చాకిరీలో ఈ మనిషికి బెల్లం ముక్క కూడా దొరకలేదంటే ఆ యజమాని ఎవరు, అతనికి సిగ్గులేదా అంది. ఆమె గొంతు కొంచెం వణికింది కూడా. మమ్మల్ని తిట్టిన మనిషికి కూడా నా వాక్యం నచ్చింది. తిట్లన్నీ మర్చిపోయి దానికే పొంగిపోయాను. ఆ రోజు డైరీలో అది రాసి, మళ్ళీ నల్లగా గీతలు కొట్టాను.

అన్న జవాబు రాయమన్నాడు. రాశాను. పుస్తకాల ముందు కూర్చుని మాట్లాడటం కాదు, కుర్చీ దిగి తాండూరు రండి అని మొదలుపెట్టాను. అందులో ఒక్క ముక్క కూడా నేను నమ్మింది కాదు. దానికీ బాగా చప్పట్లొచ్చాయి. ఆమె పుస్తకాల పేర్లు మాత్రం తర్వాత కూడా చదువుతూనే ఉన్నాను.

ఒక సోమవారం నా స్నేహితురాలు రైలు దిగి వచ్చి, క్లాసులోకి రాకుండా మెట్ల మీదే కూర్చుంది. పెద్దమ్మతో షెడ్డులో ఎవరూ మాట్లాడటం లేదంది. ఎందుకని అడిగాను. చెప్పింది.

ఆ షెడ్డులో బెల్లం ఎప్పటినుంచో ఉంది. ప్రతి శనివారం సాయంత్రం పని అయిపోగానే సేఠు బస్తా విప్పించి మనిషికొక గడ్డ ఇప్పిస్తాడు. వాళ్ళ నాయన కాలం నుంచి ఉన్న అలవాటు. మొదట్లో అంచులు కోసే మగవాళ్ళకే ఇచ్చేవాళ్ళట. ఆడవాళ్ళు బండలు మోస్తారు, దుమ్ములో ఉండరు గదా అనేవాళ్ళట. చాలా ఏళ్ళ కింద ఒక పొద్దున ఆడవాళ్ళు మోస్తున్న బండలు ఎక్కడివక్కడే కింద పెట్టి షెడ్డు నీడలో కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా లేవలేదు. అందరికంటే ముందు కూర్చున్నది పెద్దమ్మే. ఆ శనివారం నుంచి ఆడవాళ్ళకూ గడ్డ వచ్చింది. కొంగున కట్టుకుని ఇంటికి తీసుకుపోతే పిల్లలు వాకిట్లో నిలబడి ఉంటారట. నా స్నేహితురాలు కూడా చిన్నప్పుడు ఆ కొంగు ముడి విప్పి తిన్నదే.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలే నువ్వు?" అన్నాను.

"నేనేడున్న ఆడ? నీళ్ళ బాటిళ్ళు తేనీకి దుకాణానికి పోయిన గదా. వీడియో చూసినంక ఏందో మాటవరుసకు అన్నదనుకున్న" అంది.

బజారులో నలుగురు సేఠును అడిగారట, మీ షెడ్డు ఆడవాళ్ళు ఫోన్లో గట్ల అంటున్నరేంది అని. హైదరాబాద్ అమ్మాయి వీడియో ఆయనకూ చేరింది. ఆ శనివారం బస్తా రాలేదు. ఇచ్చేటోళ్ళు వచ్చిండ్రు గదా, వాళ్ళనే అడగండి అన్నాడట. అప్పటికి మూడు శనివారాలు అయ్యాయి. షెడ్డులో ఆడవాళ్ళు అన్నం దగ్గర పెద్దమ్మకు చోటు ఇవ్వడం లేదు. కూర్చుని తెచ్చిన బెల్లాన్ని నిలబడి పోగొట్టిందని అంటున్నారు.

ఆ రోజంతా నాకు పాఠం వినబడలేదు. సాయంత్రం అన్న దగ్గరికి వెళ్ళాను. నా అంతట నేను ఆయన దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి. జరిగింది చెప్పి, ఆ మాట తప్పు, సేఠు ముందునుంచీ ఇస్తున్నాడు అని పేజీలో పెడదాం అన్నాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. 

"ఇప్పుడు గది పెడితే మనం అబద్ధం ఆడిపిచ్చినమని మీద పడతరు చెల్లె. మనమేమన్న కల్పించినమా? ఆమె నోటితోని ఆమెనే అన్నది గదా" అన్నాడు.

అప్పుడు చెప్పవలసింది. రెండే మాటలు: నేను చెప్పించాను. ఆయన ముఖం నా ఎదురుగా ఉంది.  ఊ అన్నాను. ఇంకో బస్తా బెల్లం పంపిద్దామన్నాడు, దానికీ ఊ అన్నాను. పంపించారు కూడా, ఈసారి స్టిక్కర్ లేకుండా. ఆడవాళ్ళు తీసుకున్నారట. కానీ పిల్లలు తెచ్చిస్తే తీసుకున్నది ఒక్కసారిది. కూర్చుని తెచ్చుకున్నది ప్రతి శనివారానిది. ఈ తేడా నాకు అప్పుడు ఇంత స్పష్టంగా తెలియదు. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, లేదా తెలిసినట్టుంది.

ఒక శనివారం, కాలేజీలో పని ఉందని అమ్మకు చెప్పి ఒక్కదాన్నే తాండూరు రైలెక్కాను. సేఠు దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేదు. ఎవరూ చెప్పమనలేదు, ఆ మాట నాదేనని పెద్దమ్మకు చెప్పేస్తే, ఆమె నా పేరు చెప్పి, అడిగినవాళ్ళందరికీ ఈ పిల్ల పలికించిందని చెప్పుకోవచ్చు. అప్పుడు ఆ తప్పు ఆమె మీద ఉండదు, బెల్లం కూడా తిరిగి రావచ్చు. రైల్లో ఆ మాటలు డైరీలో రాసుకుని బట్టీ పట్టాను. స్టేషన్ దిగాక బజారులో ఏం తోచక బెల్లం కొన్నాను. కొన్నాక నా మీద నాకే రోత పుట్టి సంచిలో అడుక్కు తోసేశాను. అది ఇవ్వనే లేదు. తర్వాత ఎన్నో రోజులు మా ఇంట్లో అమ్మ దాంతో టీ పెట్టింది.

అన్నం వేళకు చేరాను. మిషన్లు ఆగి ఉన్నాయి. ఆడవాళ్ళు షెడ్డు లోపల గుండ్రంగా కూర్చున్నారు. పెద్దమ్మ బయట, పేర్చిన బండల నీడ సన్నగా పడుతుంటే, అందులో ఒక్కతే కూర్చుని తింటోంది. నన్ను గుర్తుపట్టింది. ఎండల వచ్చినవు, కూసో అని పక్కకు జరిగి, జొన్నరొట్టె సగం విరిచి చేతిలో పెట్టింది. వద్దనలేకపోయాను. తిన్నాను. లోపలినుంచి మాటలు ఆగిపోయాయి, మమ్మల్నే చూస్తున్నారు.

ఏం చదువుతున్నవు, మీ అమ్మానాయిన ఏం చేస్తరు అని అడిగింది. చెప్పాను. బట్టీ పట్టినది మాత్రం రావడం లేదు. చివరికి, "పెద్దమ్మా, ఆ దినం అన్న మాట..." అన్నాను. అంతే వచ్చింది.

ఆమె రొట్టె ముక్కను కారంలో అద్దుకుంటూ, చాలా మామూలుగా చెప్పింది. నిజం కాదని ఆమెకు అప్పుడే తెలుసు. కాదందాం అనుకుందట.

"నీ చెయ్యి గజగజ వణుకుతుండె. పాపం పిల్ల మాట పడతదేమో, గంత దూరం నుంచి రైల్ల వచ్చిండ్రు, ఒక్క మాటనే గదా అనుకున్న. ఒక్క మాట గన్ని ఊర్లు తిరుగుతదని నాకేం ఎరుక" అంది.

మేం ఆమెకు బెల్లం ఇవ్వడం ఊరంతా చూసింది. ఆమె నాకు ఏమిచ్చిందో ఎవరూ చూడలేదు. అప్పుడు నాకు ఏడుపు రావాలి, రాలేదు. తల లోపల అంతా దుమ్ముగా అయిపోయింది.

సేఠుకు చెప్పలేదా అని అడిగాను. చెప్పిందట. గా మాట నాది కాదు, చెప్పమంటే చెప్పిన అందట. ఎవరు చెప్పమన్నరు అని అడిగాడట. ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. నీ నోటితోని నువ్వే అన్నవు గదా అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడట.

"ఎందుకు చెప్పలే పెద్దమ్మా?" అన్నాను.

"ఎవరని చెప్పాలె?" అని నా ముఖంలోకి చూసింది.

ఆ చూపు గురించి డైరీలో ఎన్ని పేజీలు రాశానో లెక్కలేదు. అందులో వెటకారం లేదు, కోపం లేదు. తెలిసి అడిగిందో, తెలియక అడిగిందో చెప్పలేను. తెలిసే అడిగిందని కొన్ని రోజులు అనుకుంటాను, అప్పుడు ఆమె నాకు ఒక సందు వదిలిపెట్టిందని అనిపిస్తుంది. తెలియదని ఇంకొన్ని రోజులు అనుకుంటాను, అప్పుడు నేను ఇంకా పెద్ద దొంగననిపిస్తుంది. నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే లోపల పాలిష్ మిషన్ మొదలైందని రాయాలని ఉంది, కానీ కాదు. మిషన్ మొదలవడానికి ఇంకా చాలా సమయం ఉంది. అంత నిశ్శబ్దంలో ఆమె నా కోసం ఆగింది. నేనే ఏమీ అనలేదు.

తర్వాత ఆమె లేచి, టిఫిన్ కడిగి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆ రోజు శనివారమే. కొంగు కొస వట్టిగా ఉంది. మూడింటి రైలు దొరుకుతుంది, ఇప్పుడే పో అని రోడ్డు దాకా నాతో వచ్చింది. షెడ్డులోంచి ఎవరో కేకేస్తే వెనక్కి తిరిగి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నా భుజం మీద చెయ్యి వేసింది. తడి చెయ్యి.

"గట్ల చెప్పమన్నోళ్ళు ఎవరో నీకు ఎరుకుంటది గదా బిడ్డా. మా సేఠు శనివారం శనివారం బెల్లం ఇస్తుండెనని, జర వాళ్ళతోని గూడ ఒక్కసారి చెప్పియ్యి."